ధాత కరువు పరిచిన పట్టాలు

1856 జూన్ 28న మద్రాసు రాయపురం స్టేషన్‌ను గవర్నర్ లార్డ్ హారిస్ అట్టహాసంగా ప్రారంభించారు. దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు అక్కడి నుంచే బయలుదేరింది. దొరలంతా బండెక్కారు.

ఆ కూత అనంతపురం పీఠభూమికి చేరడానికి ఏళ్లు పట్టింది. అదీ ఈ సీమ మీద ప్రేమతో కాదు. మద్రాసును బొంబాయితో కలపాలి. దారిలో తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు తగిలాయి, అంతే. 1871లో మద్రాసు రైల్వే రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది.

అయిదేళ్లు తిరిగేసరికి ధాత నామ సంవత్సరపు కరువు, జనం నోట ధాత కరువు, వచ్చింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. గుత్తి, ధర్మవరం, పెనుకొండ బళ్లారి జిల్లా తాలూకాలు. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు తీర్చి విక్టోరియాను చక్రవర్తినిగా చాటిస్తుంటే, ఇక్కడ జనం కరువు పనుల్లో రాళ్లు కొడుతున్నారు. ఆ నెలలోనే రోజు కూలి తిండిగింజలను ఒక పౌనుకు, అంటే 450 గ్రాములకు, కుదించారు.

మద్రాసు రేవులో దిగిన ధాన్యం రైల్లో స్టేషన్ల దాకా వచ్చేది. అసలు చిక్కు అక్కడి నుంచే. మేత లేక ఎద్దులు చచ్చాయి. మూటలను పల్లెలకు లాగేదెవరు? పట్టాలకు దూరంగా ఉన్న ఊరికి రైలు ఉన్నా లేనట్టే. రైళ్లకు పోసే సొమ్ము కాలువలకు పెట్టమని నీటిపారుదల ఇంజనీరు ఆర్థర్ కాటన్ మొత్తుకున్నది ఇందుకే. పెన్నా నదే ఎండితే కాలువలో పారేదేమిటన్నది వేరే సంగతి.

1880లో కరువు కమిషన్ మాత్రం రైళ్ల వైపే మొగ్గింది. 1882లో అనంతపురం జిల్లా పుట్టింది, సదరన్ మరాఠా రైల్వే కంపెనీ కూడా ఆ ఏడాదిదే. జిల్లా కేంద్రానికి రైలు రావడానికి మరో పదేళ్లు పట్టింది. గుంతకల్లు నుంచి ధర్మవరం, హిందూపురం మీదుగా మీటరుగేజి లైను 1893 నాటికి మైసూరు సరిహద్దు ముట్టింది. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల వెళ్లే లైనూ ఆ కాలానిదే.

లాభపడింది గుంతకల్లు. అక్కడ కలిసిన రెండు లైన్లలో ఒకదాని వెడల్పు అప్పట్లో 1,676 మిల్లీమీటర్లు, రెండోదానిది 1,000. ఒకదాని వ్యాగన్ మరొకదానిపై నడిచేది కాదు. ప్రతి బస్తానూ హమాలీ వీపున మోసి అటు నుంచి ఇటు మార్చాల్సి వచ్చేది. ఇంజనీర్లకు తలనొప్పే గానీ, దానిమీద బతికిన ఇళ్లెన్నో. కోట ఉన్న గుత్తి వెనకబడింది, 1956లో గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రమైంది.

ఒకప్పుడు కరువు ధాన్యం దిగిన ఈ సీమ నుంచే పంట బయటికి పోయే రోజూ వచ్చింది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు రైతుల పంట మోసే కిసాన్ రైలు, దక్షిణాదిలోనే తొలిది, బయలుదేరింది. బొప్పాయి, కర్బూజ, టమాటా వంటివి 300 టన్నులకు పైగా నింపారు. కరోనా రోజులు కావడంతో అప్పటి ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి వీడియో తెర మీది నుంచే జెండా ఊపారు.