కొండగుర్తుగా నిలిచిన ఏకశిల: హుస్సేన్‌సాగర్ బుద్ధవిగ్రహం - పశ్చిమ కర్నూలు సంబంధం

ప్రవేశిక

దారి చెప్పడానికి ఆధారమయ్యే ఆనవాలును తెలుగులో 'కొండగుర్తు' అంటారు. ఆదోని వంటి ఊరికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. విజయనగర కాలపు కోట నిలిచిన కొండల వరుస, దాని దిగువన 17వ శతాబ్దిలో బీజాపూరు పాలనాధికారి సిద్ది మసూద్ నిర్మించిన జామా మసీదు ఆ పట్టణానికి దిక్కులు చూపుతాయి. ఎమ్మిగనూరు పేరు చెప్పగానే స్ఫురించేది 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం. ప్రకృతి, మతం, వృత్తి కల్పించిన ఈ గుర్తుల్లో మహాశిల్పం ఏదీ లేదు. ఈ ప్రాంతానికి అటువంటి శిల్పంతో కలిగిన సంబంధం రాజధాని ద్వారా ఏర్పడింది. ఆ రాజధాని కూడా దీనికి స్థిరంగా ఉండలేదు. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో భాగం. ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు అది కర్నూలు జిల్లాలో చేరింది. మూడేళ్లపాటు కర్నూలు పట్టణమే రాజధాని కాగా, 1956లో ఆ స్థానం హైదరాబాదుకు దక్కింది. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ బుద్ధవిగ్రహాన్ని ఈ సరిహద్దు ప్రాంతం వైపు నుంచి పరిశీలిస్తే, ప్రభుత్వం నిలిపిన శిల్పం ప్రజల కొండగుర్తుగా ఎప్పుడు మారుతుందన్న ప్రశ్నకు కొంత స్పష్టత లభిస్తుంది.

శిలాక్షరం, శిలావిగ్రహం

ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు బుద్ధవిగ్రహాన్ని సంకల్పించడానికి న్యూయార్కులోని స్వేచ్ఛా ప్రతిమ ప్రేరణ అన్నది ప్రసిద్ధం. ప్రేరణ విదేశీయమైనా, ఎంచుకున్న మూర్తికి తెలుగుదేశ చరిత్రలో బలమైన ఆధారం ఉంది. సాధారణంగా ఈ సందర్భంలో అమరావతి, నాగార్జునకొండలను మాత్రమే పేర్కొంటారు. ఆదోనికి ఆగ్నేయంగా పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి, రాజులమందగిరి అశోక శాసనాలు ఈ చర్చలోకి రావు. ఎర్రగుడిలో పెద్ద, చిన్న శిలాశాసనాలు రెండూ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, తరువాతివి కుడినుంచి ఎడమకు, ఎద్దు దున్నిన చాళ్ల వలె నడుస్తాయి. బౌద్ధాన్ని ఆదరించిన ఒక చక్రవర్తి మాట క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలోనే ఈ మెట్ట నేల బండల మీదికి ఎక్కింది. అయినా రాజధానికి కావలసింది అక్షరం కాదు, ఆకారం. దూరం నుంచి కనబడనిది కొండగుర్తు కాజాలదు.

ఆ ఆకారం కోసం భువనగిరి సమీపంలోని రాయగిరి వద్ద తెల్లని గ్రానైటు ఏకశిలను ఎంపిక చేశారు. ఎస్.ఎం. గణపతి స్థపతి నేతృత్వంలో 1985 నుంచి శిల్పులు పనిచేశారు. సుమారు 58 అడుగుల ఎత్తు, 350 టన్నులకు తగ్గని బరువు గల విగ్రహం సిద్ధమైంది. ఇటువంటి బరువును చెక్కడం కన్నా తరలించడం కష్టం. రహదారి మీద ప్రత్యేక వాహనం ఆ కార్యాన్ని నెరవేర్చింది. నీటి మీద నెరవేరలేదు. 1990 మార్చి 10న సరస్సు నడుమనున్న పీఠం దగ్గరికి తీసుకొనిపోతుండగా, ఒడ్డుకు కొద్ది దూరంలోనే పడవబల్ల ఒరిగి విగ్రహం మునిగిపోయింది. పనివారు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం గురించిన ప్రస్తావనల్లో సంకల్పించిన వారి పేరు, చెక్కిన స్థపతి పేరు తరచుగా కనిపిస్తాయి. నీటిలో పోయినవారు ఒక సంఖ్యగానే మిగిలారు. చరిత్ర రచన ఈ లోటును సరిచేయవలసి ఉంది.

రెండున్నరేళ్లకు పైగా విగ్రహం సరస్సు అడుగున పడి ఉంది. సంకల్పించిన ప్రభుత్వం ప్రమాదానికి ముందే, 1989 ఎన్నికల్లో ఓడిపోయింది. మర్రి చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డిల తరువాత కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, 1992 డిసెంబరు 1న దానిని వెలికితీసి పీఠంపై నిలిపారు. ఒక పక్షం తలపెట్టిన పనిని దాని ప్రత్యర్థి పక్షానికి చెందిన కర్నూలు జిల్లా నాయకుడి హయాం పూర్తిచేసింది. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. ఫలితం మాత్రం గమనార్హం: విగ్రహం ఏ ఒక్క పక్షానికీ చెందినదిగా మిగలలేదు. 2006లో దలైలామా దానిని ప్రతిష్ఠించే నాటికే ఇది నగరవాసులకు దారి గుర్తుగా స్థిరపడింది. లుంబినీ పార్కు, నెక్లెస్ రోడ్డు, సచివాలయం దాని చుట్టూ చెప్పుకునే చోట్లయ్యాయి.

గట్టుమీది విగ్రహాలు

నీటి నడుమ బుద్ధుడి స్థితి, గట్టుమీది విగ్రహాల స్థితి ఒకటి కావు. 1986లో ట్యాంక్‌బండ్‌పై ముప్పైకి పైగా తెలుగు ప్రముఖుల ప్రతిమలు వెలశాయి. వాటిలో పశ్చిమ కర్నూలుకు దగ్గరివి రెండున్నాయి. ఒకటి ఆదోని దుర్గంతో సహా రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలది. రెండవది బళ్లారి రాఘవది. ఆయన జీవించిన కాలంలో ఆదోని, ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలోనివే కనుక, తెలుగు కన్నడ రంగస్థలాలు రెండింటినీ ఏలిన ఆ నటుడు ఈ ప్రాంతానికి పరాయివాడు కాడు. ఈ వరుసలో తానీషా, మఖ్దూం మొహియుద్దీన్, సురవరం ప్రతాపరెడ్డి ఉన్నా, తెలంగాణ ప్రముఖులకు చోటు తక్కువైందన్న ఆక్షేపణ ఉండేది. ప్రత్యేక రాష్ట్రోద్యమంలో ఆ ఆక్షేపణ ఆగ్రహమైంది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంగా అన్నమయ్య, శ్రీశ్రీ, జాషువా మొదలైనవారి విగ్రహాలు ధ్వంసమయ్యాయి. బుద్ధవిగ్రహం మునిగిన తేదీ కూడా అదే.

బుద్ధవిగ్రహం ఆ రోజు సురక్షితంగా ఉండడానికి చుట్టూ నీరుండటమే కారణమని ఎవరైనా అనవచ్చు. అది పాక్షికమైన సమాధానం. గట్టుమీది ప్రతిమల కింద పేర్లున్నాయి, ఆ పేర్ల వెనుక ప్రాంతాలున్నాయి. చూసేవారు వాటిని జాబితాగా చదివారు, లెక్కించారు, తమవారిని వెదికారు. బుద్ధుడిని అలా లెక్కించడానికి వీలులేదు. పైగా ఆ రాయి అప్పటి నల్గొండ జిల్లా కొండది, అది మునిగిన నీరు హైదరాబాదుది. జాషువా విగ్రహంపై దెబ్బ పడటం ఈ లెక్క ఎంత గుడ్డిదో చూపుతుంది. కులం కారణంగా జీవితమంతా అవమానాలు ఎదుర్కొన్న కవి అక్కడ కేవలం ఒక ప్రాంతానికి ప్రతినిధిగా కనబడ్డాడు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2023లో సాగర తీరాన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. 2024తో ఉమ్మడి రాజధాని గడువూ ముగిసింది. ఆదోని, ఎమ్మిగనూరుల వారికి హైదరాబాదు ఇప్పుడు పరిపాలనా కేంద్రం కాదు. బళ్లారి రాఘవ ప్రతిమ ఉన్న గట్టు ఒక రాష్ట్రంలో, ఆయన పేరులోని ఊరు మరొక రాష్ట్రంలో, ఒకనాడు ఆ ఊరి జిల్లాలోనే ఉన్న ఆదోని ఇంకొక రాష్ట్రంలో ఉన్నాయి.