కట్టెబొగ్గు చెప్పు సాక్ష్యము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో పొలముగట్ల వెంట, చెరువుల చెంత నడచువారికి అచ్చటచ్చట నల్లని బరువైన గడ్డలు కాలికి తగులును. పైకి రాళ్లవలె తోచినను అవి రాళ్లు కావు. ఖనిజమునుండి ఇనుమును తీయునపుడు కరగి వేరుపడిన చిట్టెము. ఈ సీమలో ముద్ద కమ్మరులు కట్టెబొగ్గు రాజవేసి, తిత్తులతో గాలి కొట్టి, ఇనుప ముద్దలు తీసిన కొలుముల శేషములివి. 2010వ సంవత్సరమున ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును కలసి ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఇట్టి తావులను పెక్కింటిని నమోదు చేసిరి.

కోరుట్లకు పడమట, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఈ విద్యకు పేరుమోసిన స్థానము. అచ్చట ఇనుమును మట్టిమూసలలో మూసి, గంటలకొలది కాల్చి, మెల్లగా చల్లార్చి ఉక్కు చేసెడివారు. హెన్రీ వెస్లీ వాయిసీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పనిని కన్నులార చూచి వర్ణించెను. ఆయన 1824లో మరణించగా, ఆ వ్యాసము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. ఉక్కు కొనుటకై పారశీక దేశపు ఇస్పహాను నుండి వచ్చిన వర్తకుని ఆయన అచ్చటనే కలిసికొనెను.

వాయిసీ నాటి సంగతి సరియే. అంతకుముందరి మాట యేమి? పొలములోని చిట్టెపు గడ్డ నూరేండ్లదా, వేయేండ్లదా? శాసనముల రాజులకు తేదీలు కలవు గాని కమ్మరి కొలిమికి తేదీ వ్రాసినవారు లేరు. అయినను ఆ గడ్డను పగులగొట్టినచో లోపల ఒక్కొక్కప్పుడు చిన్న బొగ్గుముక్క చిక్కుకొని యుండును. ఆ ముక్కయే సాక్షి.

ఆకాశమున విశ్వకిరణముల తాకిడివలన గాలిలోని నత్రజని నుండి కర్బనము-14 అను పరమాణువులు పుట్టుచుండును. కర్బన పరమాణువులు లక్షకోట్లుండగా వీని పాలు సుమారు ఒకటి మాత్రమే. చెట్టు బొగ్గుపులుసు వాయువును పీల్చుచు ఈ పాలును తనలో నిలుపుకొనును. చెట్టు కొట్టిన నాటినుండి రాబడి లేదు, ఖర్చు మాత్రముండును. 5,730 ఏండ్లకు సగము, మరి 5,730 ఏండ్లకు అందులో సగము మిగులును. సుమారు 50 వేల ఏండ్లు దాటినచో కొలుచుటకు చాలినంత మిగులదు. 1949లో విల్లర్డు లిబ్బీ మొదలగువారు ఈ లెక్కతో ప్రాచీన వస్తువుల వయస్సు కట్టి చూపిరి. అందులకే 1960లో లిబ్బీకి రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

మన రాష్ట్రమున దీని ప్రయోజనమును చూపిన తావు పూర్వపు మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బ. 1957లో ఆల్చిన్ దానిని త్రవ్వి, అది ఆలమందల దొడ్డి అనియు, పేరుకొనిన పేడ కాలి దిబ్బ అయినదనియు తేల్చెను. అచ్చటి బొగ్గు క్రీస్తుకు పూర్వము మూడవ సహస్రాబ్దిని చూపెను.

కాని బొగ్గు సాక్ష్యమునకు కూడ ప్రతిపరీక్ష కావలెను. మున్నూరేండ్ల మాను నడిమి చేవతో చేసిన బొగ్గు, కొలిమి వయస్సును మూడువందల ఏండ్లు పెంచి చెప్పును. ఇచ్చట కోనసముద్రపు మూసలు తోడుపడగలవు. ఆ మూసల మట్టిలో వరిపొట్టు విశేషముగా కలిపెడివారు. వరి ఒక పంటకాలపు పైరు. దాని మసి చెప్పు కాలమే మూస చేసిన కాలము.

ఉక్కు సైతము పలుకును. ఉక్కును ఉక్కుగా చేయునది అందలి కర్బనము. నూటికి ఒకటిన్నర పాళ్లవరకు ఉండును. అది బొగ్గునుండి, మూసలోని ఆకు, కట్టెలనుండి వచ్చినదే. వాన్ డెర్ మెర్వే, స్టూయివర్ అను శాస్త్రజ్ఞులు 1968లో ఇనుముకు ఈ విధముగ వయస్సు కట్టు పద్ధతిని ప్రకటించిరి. నాడు అందుకు గ్రాములకొలది కర్బనము, అనగా పెద్ద లోహఖండము, కావలసి యుండెను. 1977 తరువాత వచ్చిన త్వరణయంత్ర పద్ధతిలో గ్రామున పదవవంతు ఉక్కు చాలును. కత్తిని చెరుపకయే కత్తి కాలము అడుగవచ్చును.

ఇందొక చిక్కు కలదు. 1709లో ఇంగ్లండున అబ్రహాము డార్బీ రాక్షసిబొగ్గునుండి చేసిన కోకుతో ఇనుము తీసెను. రాక్షసిబొగ్గు కోట్ల ఏండ్లనాడు చచ్చిన అడవి. మన సింగరేణి బొగ్గు ఇరువదియైదు కోట్ల ఏండ్లకు పైబడినది. అందు కర్బనము-14 శూన్యము. అట్టి ఇనుమును నాటు ఇనుముతో కలిపి సాగదీసిన పనిముట్టులో సగము కర్బనము కోకుది యైనచో, నిన్నటి పారకు 5,730 ఏండ్ల వయస్సు వచ్చును!

చరిత్రకారునికి దోషమైన ఈ సంగతియే నేటి ఇంధన శాస్త్రజ్ఞునికి తూనికయైనది. చచ్చిన కర్బనమెంత కలిసెనో తెలిసినచో, జీవకర్బనమెంతో తెలియును. 1955లోనే హాన్స్ సూస్, రాక్షసిబొగ్గు పొగవలన గాలిలోని కర్బనము-14 పాలు పలుచబడినదని చెట్ల మ్రానులలో కనిపెట్టెను. పిమ్మట అణ్వస్త్ర పరీక్షలవలన 1960 దశకమున ఆ పాలు ఇంచుమించు రెట్టింపయ్యెను; కావున నేటి లెక్కలలో దానిని సవరించి కొలిచెదరు. చెరకునుండి చేసిన ఆల్కహాలునకు, చమురునుండి చేసినదానికి రసాయన గుణమున భేదము లేదు. కాని రేడియో కర్బనము ఆ రెంటిని విడదీయును. నూటికి 20 పాళ్లు ఆల్కహాలు కలిపిన పెట్రోలులో, కొలత పరిమాణముతో గాక కర్బనముతో చూచినచో, జీవకర్బనము సుమారు 14 పాళ్లే. పొగగొట్టమునుండి పట్టిన వాయువు కూడ వరిపొట్టు ఎంత కాలెనో, రాక్షసిబొగ్గు ఎంత కాలెనో ఇట్లే చెప్పును. యజమాని మాటను నమ్మవలసిన పని లేదు.

అయినను ఈ తూనిక అన్నియు చెప్పదు. ముద్ద కమ్మరి కొలిమిలోనిది నూటికి నూరు పాళ్లు జీవకర్బనమే. అందులకై కొట్టిన అడవి మరల మొలచెనా లేదా అన్నది కర్బనము-14 చెప్పజాలదు. ఆ సంగతి నేల చెప్పవలెను, పల్లె జ్ఞాపకము చెప్పవలెను.

ఆ నేలయే నేడు చెదరుచున్నది. పొలము చదును చేయునపుడు, బాటకు మట్టి తోలునపుడు చిట్టెపు దిబ్బ ఒక దినమున మాయమగును. ఒకసారి కదలిన దిబ్బలోని బొగ్గు ఏ కొలిమిదో, ఏ పొరదో చెప్పుట ఎవరి తరమును కాదు. మీ ఊరి గట్టుమీద అట్టి దిబ్బ కనబడినచో, దానిని కదలింపక, పురావస్తుశాఖవారికి ఒక జాబు వ్రాయుడని మా మనవి. సాక్షి బ్రతికియున్నపుడే వాఙ్మూలము తీసికొనవలెను.