మెడలోని ఆస్తి

హుగ్లీ ఒడ్డున బడ్జ్ బడ్జ్‌లో పెళ్లైన బెంగాలీ స్త్రీని గుర్తుపట్టాలంటే మెడ వంక కాదు, మణికట్టు వంక చూడాలి. తెల్లని శంఖు గాజు, ఎర్రని పోలా, ఇనుప గాజు, పాపిట్లో సింధూరం ఉంటాయి. మెడలో సీతాహారం ఉన్నా అది అలంకారమే. ఆ నది పొడవునా ఉన్న జనపనార మిల్లుల్లోకి గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వెళ్లిన తెలుగు కుటుంబాల్లో మాత్రం పుస్తెలతాడే గుర్తు. ఇద్దరిదీ హిందూ వివాహమే అయినప్పుడు, మంగళసూత్రం అందరికీ అనాదిగా ఉన్న వైదిక విధి అనడం కుదరదు. గృహ్యసూత్రాల్లో ప్రధానం పాణిగ్రహణం, సప్తపది. 1955 నాటి హిందూ వివాహ చట్టం పేరు పెట్టి చెప్పిందీ సప్తపదినే. మన దగ్గర మెడకు ఇంత బరువు రావడానికి మంత్రం కన్నా బంగారమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నిటికి చిల్లులో కొక్కేలో కనిపిస్తాయి. అంటే దేశాలు దాటి వచ్చిన డబ్బు కూడా మన వాళ్ల మెడల్లోకే చేరింది. కాసులపేరు ఆ అలవాటుకు పరాకాష్ఠ. బ్రిటిష్ సవరను సుమారు 8 గ్రాములు. కోస్తాలో ఇప్పటికీ కాసు అంటే ఆ తూకమే. కాసుకు చిల్లు పెట్టకుండా అంచున కొక్కెం అతికిస్తే బంగారం తరుగు పోదు, అవసరానికి ఒక్కో కాసూ విప్పి అమ్ముకోవచ్చు. ఇంత తెలివైన పొదుపు పెట్టె ఇంకోటి చూపించండి! పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి సామెతలో నవ్వు ఉంది, నిజమూ ఉంది. ఆఖరున అమ్మాల్సింది అవే, అయినా అమ్మదగ్గవే. 1963లో 14 క్యారట్లకు మించి నగలు చేయరాదని ప్రభుత్వం కట్టడి చేస్తే కంసాలుల బతుకులు చితికాయి గానీ, జనం బంగారం మీద మోజు వదులుకోలేదు.

మెడలో ఉన్నంత మాత్రాన అది ఆమె ఆస్తా, తాకట్టు పెట్టేది మొగుడే కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సేద్యం అప్పులకూ ఆడపడుచు పెళ్లికీ కరిగిపోయిన నానుతాళ్లకు లెక్క లేదు. కానీ వాడకం వేరు, హక్కు వేరు. స్త్రీధనం భార్య సొంతమని, భర్త దాన్ని కాజేస్తే నమ్మకద్రోహ నేరమవుతుందని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టుకు వెళ్తే రుజువు కావాలి. పెళ్లి నగల రసీదులు అమ్మాయి పేరనే రాయించండి, ఆమె దగ్గరే ఉంచండి.