ఆదోని సీమ డోలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. ఆ రోజు అవి కర్నూలు జిల్లాలో కలిశాయి, బళ్లారి మైసూరుకు పోయింది. సరిహద్దు మారింది గానీ, దానికి అటూ ఇటూ ఉన్న గొర్రెల కాపరులు కురువల దేవుడు బీరప్ప మారలేదు. బీరప్ప జాతరకు ఇక్కడా డోలే, అక్కడా డోలే. కన్నడిగులు దాన్ని డొళ్ళు అంటారు, మెడకు తగిలించుకుని ఒకవైపు కర్రతో, మరోవైపు అరచేత్తో వాయిస్తారు.

చూసేవాళ్ల కళ్లన్నీ తోలు మీదే ఉంటాయి. అసలు పనితనం మాత్రం కట్టెలో ఉంది. కట్టె పచ్చిగా ఉన్నప్పుడు తొలిస్తే ఆరేకొద్దీ పగులు దేరుతుంది. ఎండలో పెడితే మరీ త్వరగా. అందుకే నీడపట్టున ఆరనిచ్చి, అప్పుడు బాడిసతో పైభాగం చదును చేసి, ఉలితో లోపల తొలుస్తారు. అంచు ఎక్కడైనా ఎగుడుదిగుడుగా ఉందా, తోలు సమంగా బిగుసుకోదు, నాదం చీలిపోతుంది. మేక తోలో గొర్రె తోలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తడిగా ఉండగానే వలయానికి చుట్టి తాళ్లతో లాగుతారు. వానాకాలం గాలిలో తేమకు తోలు వదులవుతుంది, మంట సెగ చూపిస్తే మళ్లీ బిగుస్తుంది. కురువలకు గొర్రెల మందే బతుకు. గొర్రె బొచ్చుతో కంబళి, తోలుతో వాద్యం. కట్టె ఒక్కటే బయటి నుంచి రావాలి.

దేవుడి పేర ఆడిపాడే గొరవయ్యల డమరుకం ఇంకో లెక్క. నల్ల కంబళి, తల మీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒక చేత పిల్లనగ్రోవి, మరో చేత డమరుకం. ఆలూరు ప్రాంతంలోని దేవరగట్టులో మాళ మల్లేశ్వరుడి బన్ని ఉత్సవం దసరా రాత్రి కర్రల సమరంగా జరుగుతుంది. పత్రికలు ఏటా ఆ కర్రల సమరంలో పగిలిన తలలు లెక్కపెడతాయి గానీ, ఆ గట్టు మీద మోగే వాద్యాల గురించి ఒక్క ముక్క రాయవు! డమరుకం నడుము సన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని చెక్కడం డోలు కంటే కష్టం. ఆ నడుము దగ్గర తాళ్లు నొక్కితే శ్రుతి పైకి లేస్తుంది.

ఇదే సీమలో ఎమ్మిగనూరు నేతగాళ్లకు మాచాని సోమప్ప 1938లో సహకార సంఘం ఏర్పాటు చేశారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. డోలు పనివాళ్లకు అలాంటి సంఘం కుదరకపోవడానికి కారణం తేలికగానే ఊహించవచ్చు. బట్ట ఏటా కావాలి, డోలు కట్టె తరాల తరబడి నిలుస్తుంది. తోలు మార్చుకుంటే చాలు. గట్టిగా చేయడమే పనివాడికి గిరాకీ లేకుండా చేసింది. దాంతో డోలు తయారీ ఇంటి వసారాలో, జాతరల ముందు మాత్రమే సాగే పనిగా మిగిలింది.

ఇప్పుడు ఫైబర్ వాద్యాలు వచ్చాయి. వానకు వదులవవు, మోయడం తేలిక. వాయించేవాళ్లు వాటిని కొంటే తప్పుపట్టలేం. కానీ ప్రభుత్వం ఒక పని చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి డప్పు కళాకారులకు, నేతన్నలకు నెలకు 4,000 రూపాయల పింఛను అందుతోంది. వాయించే చేతికి ఇచ్చినట్టే, ఆ వాద్యాన్ని చెక్కి తోలు బిగించే చేతికీ ఆ జాబితాలో చోటివ్వాలి.