దారిలో కరెంటు

ప్రయాణం అనగానే మా ఇంట్లో ఇప్పుడు బట్టల కంటే ముందు వైర్లు సర్దుతున్నాం. నాలుగు ఫోన్లు, మామయ్యగారి చెవి మిషను, పిల్లాడి ట్యాబు, వాటి చార్జర్లు, ఒక పవర్ బ్యాంకు, ఇవి కాక ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. "ఇదేం గోలమ్మా, మా రోజుల్లో చెంబూ దుప్పటీ ఉంటే కాశీకి పోయొచ్చేవాళ్ళం" అంటారు అత్తయ్యగారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ పూర్తి నిజం కాదు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దారి పట్టిన మనిషి ఎప్పుడూ ఏదో ఒక వెలుతురు వెంట మోసుకునే పోయాడు. అది అయిపోతుందేమోనన్న బెంగ కూడా అప్పటి నుంచీ ఉన్నదే.

లాంతరుతో మొదలుపెడదాం. లారీలు రాకముందు పత్తి బోరాలైనా మిరపకాయ బస్తాలైనా ఎడ్లబండి మీదే గుంటూరు చేరేవి. ఎండకి ఎడ్లు ఆగలేవని రాత్రిపూట బండ్లు కట్టేవాళ్ళు. ఇరుసు కింద లాంతరు వేలాడేది. పురికొస మెడకు కట్టిన సీసాలో కిరసనాయిలు ఉండేది, అదే ఆనాటి పవర్ బ్యాంకు. సీసా ఒలికిపోతే దారిలో ఏ కొట్టువాడినో నిద్రలేపాలి. లాంతరు గ్లాసు మసి తుడవడం ఇంట్లో ఆడపిల్లల పని. చిన్న చేతులైతేనే గ్లాసులో పడతాయి కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ పని అప్పజెప్పేవాళ్ళట. మగవాళ్ళు ఊరెళ్ళే ముందు రోజు సాయంత్రం ముగ్గుపిండీ పాతగుడ్డా పట్టుకుని కూర్చునే ఆ పిల్లల ఊసు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు.

తర్వాత బ్యాటరీ లైటు వచ్చింది. టార్చిలైటు అనేది బడి మాట, మా వైపు బ్యాటరీ లైటే. ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే అనే ఆయన 1866లో చేసిన బ్యాటరీ గాజు జాడీలో నీళ్ళ మందు పోసుకుని ఉండేది. దాన్ని పట్టుకుని నడిస్తే ఒలికిపోతుంది. 1886లో జర్మనీలో గాస్నర్ అనే డాక్టరుగారు ఆ మందుని ముద్దలా చేసి జింకు డబ్బాలో మూసేశారు. కరెంటు జేబులో పెట్టుకుని తిరగడం అప్పటి నుంచి కుదిరింది. మన ఊళ్ళ కిరాణా కొట్లలో అగ్గిపెట్టెల పక్కన కనిపించే ఎర్ర ఎవరెడీ సెల్లు ఆ డబ్బాకి మనవడే.

మన వైపు దానికి అసలైన గిరాకీ తెచ్చింది సాగర్ కాలవ అని నా అభిప్రాయం. నాగార్జునసాగర్ కాలవలకి 1967 ఆగస్టులో నీళ్ళు వదిలారు. కుడి కాలవ కింద గుంటూరు, ప్రకాశం మెట్టల్లో తడి పంటలు మొదలయ్యాయి. నీళ్ళ వంతు రాత్రి ఒంటిగంటకి వస్తే ఒంటిగంటకే పోవాలి. మిరప చేలో గట్టు మీద కట్లపామో రక్తపింజరో చుట్ట చుట్టుకుని ఉంటుంది. చేతిలో బ్యాటరీ లైటు లేకుండా మగవాణ్ణి గడప దాటనివ్వని అమ్మలు ప్రతి ఇంట్లో ఉండేవాళ్ళు. ఒక జత సెల్లు కొనడమంటే ఆలోచించాల్సిన ఖర్చే. అందుకే లైటు మసకబారితే సెల్లు తీసి పగలంతా ఎండలో పెట్టేవాళ్ళు. మా చిన్నప్పుడు వడియాల మంచం మీద ఒక మూల అప్పడాలు, ఒక మూల సెల్లు. అది మూఢనమ్మకం కాదు. వేడికి లోపలి మందు చురుకై కొంచెంసేపు కరెంటు ఎక్కువ ఇస్తుంది. అంతేగాని ఎండ వల్ల సెల్లు నిండదు, ఉన్న అడుగూ బొడుగూ పైకి వస్తుందంతే. ముద్ద అడుగంటిన కూరగిన్నెలో రెండు చుక్కల నీళ్ళు పోసి తిప్పినట్టు.

ట్రాన్సిస్టర్ రేడియో కూడా ఆ సెల్లనే తినేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మొదట్లో రేడియో అంటే ఇంట్లో బల్ల మీద కదలకుండా కూర్చునే పెద్దమనిషి. ట్రాన్సిస్టర్ వచ్చాక పత్తి తీసేవాళ్ళ వెంట చేలోకీ, బండి మీద సంతకీ నడిచింది. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టేవాళ్ళు. వార్తలూ వ్యవసాయ కార్యక్రమమూ మగవాళ్ళవి, శనాదివారాల నాటకాలు ఆడవాళ్ళవి. సెల్లు అరిగిపోతుంటే ఏది మానుకోవాలన్న దగ్గర ఎవరి మాట నెగ్గేదో చెప్పనక్కర్లేదు కదా.

ఈ మధ్య ఒక కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఇప్పుడు మన ఫోన్లలో ఉండే 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే ఇంచుమించు 19 వాట్ అవర్ల కరెంటు కావాలి. చార్జర్ దగ్గర పోయే వేడి కలిపినా ఒక యూనిట్ కరెంటుతో 40 ఫోన్లు నిండుతాయి. ఒక యూనిట్ అంటే గీజరు అరగంట! పాత పెద్ద సెల్లు రెండింటిలో ఉండే కరెంటు కూడా దాదాపు ఒక ఫోను ఒకసారి నిండేంతే. అంటే ఇంటి తీగలో పైసల్లో వచ్చే కరెంటుని మన పెద్దవాళ్ళు డబ్బాలో రూపాయలు పెట్టి కొన్నారన్నమాట. ఈ లెక్క గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ మాట 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. పల్లెకి మాత్రం 2003లోనే వచ్చిందనుకోవాలి. వచ్చే కాల్స్‌కి డబ్బులు తీసేశారు, అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. ఆ ఫోను నెత్తి మీద చిన్న లైటు ఉండేది. పట్నంలో దాన్ని చూసి నవ్వుకున్నారేమో గానీ మా వైపు రైతు కొన్నది ఆ లైటు కోసమే. పాముకి భయపడి మోసిన బ్యాటరీ లైటూ మాటల డబ్బా ఒకటైపోయాయి. ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి వచ్చేది. సన్నపిన్ను, లావుపిన్ను అని రెండు రకాల చార్జర్లుండేవి. పెళ్ళికి వెళ్తే పెళ్ళికొడుకు కంటే ముందు "సన్నపిన్ను ఎవరిదగ్గరుందండీ" అని అడిగేవాళ్ళు.

అందరి దారీ పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ కాదు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మిరప కోతలు.

కర్నూలు పడమటి వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా వేలమంది మన వైపు పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ వస్తారు. దాన్ని వాళ్ళు 'సుగ్గికి పోవడం' అంటారు. లారీల్లో, ఆటోల్లో, రైళ్ళలో, బియ్యం మూటలతో సహా వస్తారు. చేల పక్కన, రోడ్డు వారన పట్టాలతో గుడిసెలు వేసుకుని రెండు మూడు నెలలు ఉంటారు. చంటిపిల్లలు వెంట, బడికి పోయే పిల్లలు ఊళ్ళో ముసలమ్మ దగ్గర. అలాంటి పిల్లల కోసమే బడుల్లో సీజనల్ హాస్టళ్ళు కూడా పెట్టారు. వెనకటి రోజుల్లో సుగ్గికి పోయిన తల్లికి పిల్లాడికి జ్వరమొచ్చిందన్న కబురు ఆలస్యంగా చేరేది, ఒక్కోసారి చేరేదే కాదు. ఇప్పుడు ఒక ఫోను ఉంది. ఆ ఫోనుకి కరెంటు లేదు.

చేలో కరెంటు తీగలున్నాయి కదా అనిపిస్తుంది. 2004 మే 14న రాజశేఖరరెడ్డిగారు ప్రమాణస్వీకారం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. అది మోటార్లకి ఇచ్చే కరెంటు, రోజులో కొన్ని గంటలే ఉంటుంది. పైగా మూడు ఫేజుల లైను. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులుంటాయి, చార్జర్ ఓర్చుకునేది 240. స్టార్టరు డబ్బాలోంచి రెండు తీగలు లాగి, ఒకటి తడిమట్టిలో గుచ్చి, అగ్గిపుల్లలతో బిగించి చార్జింగ్ పెట్టేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఆ తడిమట్టి మీదే పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుతుంటారు. ఒక్క మాట మాట్లాడటం కోసం ఒక ప్రాణం పణంగా పెట్టినట్టే.

ఇంక మిగిలిన దారి ఊళ్ళోకి రావడం. బడ్డీకొట్టులో ఫోనుకి పది రూపాయలు. పైన వేసిన లెక్క ప్రకారం ఆ కొట్టతను ఒక యూనిట్‌ని నాలుగు వందలకి అమ్ముతున్నాడు. వ్యాపారం అంతేలెండి, అతనికీ కొట్టు అద్దె ఉంది. కొట్టు లేని ఊళ్ళో అయితే ఇళ్ళ ముందుకొచ్చి నిలబడతారు. "అమ్మా, సెల్లు కాసేపు గుచ్చుకోనిస్తావా?"

ఈ అడగడం కొత్తదేం కాదు, వెనక్కి చాలా దూరం పోతుంది. దారిన పోయేవాడు మంచినీళ్ళు అడగడం మన ఊళ్ళకి తెలుసు. ఎండాకాలం చలివేంద్రం పెట్టడం పుణ్యమని తెలుసు. ఎవరికి ఏ గ్లాసుతో ఎంత ఎత్తు నుంచి పోశారన్నది కూడా తెలుసు, దాని గురించే మాట్లాడం. చార్జింగ్ అడిగినప్పుడు ఆ పాత లెక్కలన్నీ మళ్ళీ లేచి కూర్చున్నాయి. ప్లగ్గు హాల్లో ఉంటుంది, టీవీ పక్కన. అంటే మనిషి గడప దాటాలి. కొందరు ఫోను మాత్రం చేత్తో అందుకుని లోపల పెట్టారు, మనిషిని బయటే నిలబెట్టారు. ఫోనుకి అంటు లేదు, మనిషికే. "బిల్లెక్కువొస్తుంది" అని కొందరన్నారు. నలభై ఫోన్లకి ఒక యూనిట్ అని చెబితే ఎవరూ నమ్మరు. అసలు అడ్డం బిల్లు కాదు కాబట్టి నమ్మాల్సిన అవసరమూ వాళ్ళకి లేదు.

మిర్చి యార్డుకి సరుకు తెచ్చిన రైతుదీ వేరే రకం అవస్థే. గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. సీజన్లో సరుకు పోటెత్తితే టిక్కీల పక్కనే పడుకోవాలి. ధర ఎంత పలికిందో ఇంటికి చెప్పడానికి, డబ్బు పడిందా అని చూసుకోవడానికి ఫోనే ఆధారం. టిక్కీలు వదిలి ప్లగ్గు వెతుక్కుంటూ పోతే కాపలా ఎవరు? అందుకే యార్డుకి పోయే మనిషి సంచిలో ఇప్పుడు చద్దికి తోడు పవర్ బ్యాంకు కూడా పెడుతున్నారు.

రైల్లో చార్జింగ్ ప్లగ్గులు వచ్చాక కొంత నయం. ఒకప్పుడు స్లీపర్ బోగీలో అవి ఒకటీ అరా ఉండేవి, అక్కడే ఫోను పట్టుకుని నిలబడాలి. ఇప్పుడు దాదాపు ప్రతి వరసలోనూ ఉంటున్నాయి. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా వాటిలో కరెంటు ఎందుకు ఆపేస్తారో చాలామందికి తెలియదు. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ మన అనంతపురం జిల్లాలో కొత్తచెరువు దగ్గర తగలబడి 26 మంది పోయారు. ఆ తర్వాత రాత్రిపూట చార్జింగ్ ఆపాలని భద్రతాధికారులు సూచించారు, 2021లో గట్టిగా అమలు మొదలుపెట్టారు. దిండు కింద ఫోను పెట్టి చార్జింగ్ చేసే పిల్లలకి నేను ఈ సంగతే చెబుతాను. తిట్టడం కంటే బాగా పనిచేస్తోంది.

తుపానొస్తే ఊళ్ళో ఉన్నవాళ్ళూ ప్రయాణికులే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయి, మా వీధి వీధంతా ఒక ట్రాక్టరు చుట్టూ చేరింది. దాని 12 వోల్టుల బ్యాటరీకి కారు చార్జర్ తగిలించి వంతులవారీగా ఫోనుకి పావుగంట. పత్తి తడిసి, మిరప చేలల్లో నీళ్ళు నిలబడి, అందరి దగ్గరా ఎవరికో ఒకరికి చెప్పుకోవాల్సిన మాటే ఉంది. పావుగంట చార్జింగ్‌తో ఎంత ఏడవగలరు? ముందు అమెరికాలో ఉన్న పిల్లలకి "బానే ఉన్నాం" అని చెప్పి పెట్టేశారు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. మన ఇళ్ళనుంచి వెళ్ళేవాళ్ళు రెండు విషయాలు తెలుసుకోవాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పచ్చళ్ళు మాత్రం పెద్ద పెట్టెలోకి. 100 వాట్ అవర్లు దాటితే విమానం వాళ్ళ అనుమతి కావాలి. 20000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే కాబట్టి ఫరవాలేదు. ఫోను చార్జర్ మీద 100-240 అని రాసి ఉంటే అక్కడి 120 వోల్టులకీ పనిచేస్తుంది, ప్లగ్గు మూతి మార్చుకుంటే చాలు. మిక్సీ మాత్రం మారదు, మన 230 వోల్టుల మిక్సీ అక్కడ గోంగూర కూడా రుబ్బలేక మూలుగుతుంది.

కరెంటుని దర్జాగా ఊరేగించడం కూడా మనకి తెలుసు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళే విద్యుత్ ప్రభలు చూడండి. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ళనుంచి తాటిచెట్టుని మించిన ఎత్తున, వేల బల్బులతో, వెనక జనరేటరు లాక్కుంటూ కదులుతాయి. అంత ఎత్తు వస్తుంటే తీగలు తగులుతాయని దారిలో ఊళ్ళకి కరెంటు తీసేస్తారు. ఊరంతా చీకట్లో నిలబడి, నడిచొచ్చే వెలుతురుకి దణ్ణం పెడుతుంది.

మా ఇంటి సంగతికొస్తే, కిందటేడు కోతల ముందు వసారాలో, బయటి గోడకి, ఎనిమిది ప్లగ్గుల బోర్డు పెట్టించాం. ఎలక్ట్రీషియన్‌తో షాకు కొట్టకుండా ఆపేసే బ్రేకరు కూడా వేయించాను. అత్తయ్యగారు మొదట ముఖం ముడుచుకున్నారు. వసారాలో పెట్టడంలోనూ ఒక తప్పించుకోవడం ఉందని, అదీ గడప బయటేనని మా అమ్మాయి అంది. నిజమే, నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం ఏడింటికి కోత నుంచి వచ్చినవాళ్ళు ఫోన్లు తగిలించి మెట్ల మీద కూర్చుంటారు. ఫోను కొంచెం నిండగానే వైరు పీకకుండానే వీడియో కాల్ చేస్తారు. కోసిగి వైపు ఏదో హాస్టల్లో ఒక పిల్ల ఎక్కాలు అప్పజెబుతుంటే, కారంతో మండే వేళ్ళని నీళ్ళగిన్నెలో ముంచుకుని వాళ్ళమ్మ వింటుంది. పన్నెండో ఎక్కం దగ్గర ఆ పిల్ల తడబడితే లోపల్నించి అత్తయ్యగారు అందిస్తున్నారు.