పిడుదు చేసిన కీడు

పాతబస్తీలోని గౌలిపుర పేరు వినినంతనే మనకు పాడిపశువులు తలపునకు వచ్చును. గౌలి యనగా పశువులను మేపి పాలమ్ముకొనువాడు. గంగడోలున, చెవులలో, పొదుగుచెంత పట్టిన పిడుదులను చేతితో ఏరివేయుట పాడియిండ్లలో నిత్యకృత్యము. అది రక్తము త్రాగునని అందరును ఎరుగుదురు. అది రోగమును మోయునని నిరూపించుటకు మాత్రము చాలకాలము పట్టినది.

టెక్సాసు జ్వరము పిడుదుల మూలముననే పశువులకు సోకుచున్నదని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనువారు 1893లో ఋజువు చేసిరి. నాలుగేండ్లకు, 1897లో, మన సికిందరాబాదుననే రొనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను.

మన ఒంగోలు జాతి పిడుదులకు బాగుగా ఓర్చుకొనును. బ్రెజిలు దేశమున అది ‘నెలోరె’ పేర వర్ధిల్లుటకు ఇదియు నొక కారణము. పాలు మెండుగా నిచ్చు సంకరజాతి ఆవులు మాత్రము పిడుదులు తెచ్చు థైలీరియా జ్వరమునకు సులభముగా లోబడును. ఒక్క ఆవుపై బ్రదుకు కుటుంబమునకు అది కూడు పోయినట్లే. అదృష్టవశమున నేడు దానికి టీకా కలదు.

పెంపుడు కుక్కలకును పిడుదుజ్వరములు కలవు. మనుష్యులకును తప్పలేదు: 1957లో మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడగా, పిడుదువలన మనుష్యులకు సోకు జ్వరము బయటపడినది.

పిడుదులను ఏరివేయు పెద్దల అలవాటు మంచిదే. కాని వానిని వట్టి వ్రేళ్ళతో నలుపుట ప్రమాదమని నేడు మనము ఎరుగుదుము. అలవాటును నిలుపుకొని, ఆ ఒక్క తప్పును విడుతము.