కౌలుకిచ్చిన ద్రాక్షతోట

దుష్ట కౌలుదార్ల ఉపమానాన్ని యేసు యెరూషలేము దేవాలయంలో చెప్పడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందు, అదే దేశంలో యెద్దూస్ అనే యూదుడు బాకీ వసూలుకు వచ్చిన ఇద్దరి మీద పడి, వాళ్లను ఊళ్లోంచి తరిమేశాడు. క్రీ.పూ. 258 నాటి ఆ సంగతి పపైరస్ మీద రాసిన ఉత్తరంలో ఇప్పటికీ చదవడానికి దొరుకుతుంది. ఉపమానంలో జరిగేది అక్షరాలా కల్పితమనీ, బుద్ధున్న యజమాని ఎవడూ అలా చేయడనీ తీసిపారేసిన పండితులకు ఈ ఒక్క ఉత్తరం గట్టి జవాబు.

కథ మార్కు, మత్తయి, లూకా సువార్తలు మూడింట్లోనూ ఉంది. ఒక యజమాని ద్రాక్షతోట నాటి, చుట్టూ కంచె వేసి, పళ్లు తొక్కే తొట్టిని రాతిలో చెక్కించి, కావలి బురుజు కట్టించి, తోటను కౌలుకిచ్చి దూరదేశం వెళ్లిపోతాడు. పంట వేళకు తన వంతు కోసం దాసుణ్ణి పంపితే కౌలుదార్లు అతన్ని కొట్టి వట్టి చేతులతో పంపేస్తారు. తర్వాత వచ్చినవాడికి తల పగలగొడతారు, ఆ తర్వాతివాణ్ణి చంపుతారు. కొడుకునైనా గౌరవిస్తారని చివరికి కొడుకునే పంపుతాడు యజమాని. వారసుడు పోతే తోట మనదవుతుందని వాళ్లు అతన్నీ చంపేస్తారు. అప్పుడు యజమాని ఏం చేస్తాడన్నది యేసు వేసిన ప్రశ్న. వాళ్లను నాశనం చేసి తోటను వేరేవాళ్లకిస్తాడన్నది జవాబు.

యెద్దూస్ సంగతి బయటపడింది ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో. పాత ఫిలడెల్ఫియా పట్టణపు దిబ్బల్లో రైతులు ఎరువు మట్టి కోసం తవ్వుతుంటే, 1914-15 ప్రాంతంలో ఒక పెద్ద దఫ్తరం దొరికింది. రెండో టాలమీ రాజు దగ్గర ఆర్థిక వ్యవహారాలు చూసిన అపొల్లోనియస్ అనే మంత్రికి ఏజెంటుగా పనిచేసిన జెనో దాచుకున్న కాగితాలవి. లెక్కలు, రసీదులు, ఫిర్యాదులు, ఉత్తరాలు కలిపి సుమారు రెండు వేలు. కైరో, లండన్, ఫ్లోరెన్స్, మిషిగన్‌ల మధ్య ఇప్పుడవి చెల్లాచెదురుగా ఉన్నాయి. క్రీ.పూ. 259లో జెనో తన యజమాని పనుల మీద పాలస్తీనా అంతా తిరిగాడు. ఆ పర్యటనలో పరిచయమైనవాళ్లతో ఉత్తర ప్రత్యుత్తరాలు తర్వాత కూడా సాగాయి.

యెద్దూస్ ఉత్తరం రాసింది అలెగ్జాండ్రోస్ అనే స్థానికుడు. బాకీ డబ్బు తన మనిషి స్ట్రాటాన్ చేతికి ఇవ్వమని, ఇవ్వకపోతే తాకట్టు వస్తువును అతనికి అప్పగిస్తామని జెనో నుంచి యెద్దూస్‌కు తాకీదు వెళ్లింది. మందు తిని ఒంట్లో బాగాలేక అలెగ్జాండ్రోస్ తాను కదల్లేదు. తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి స్ట్రాటాన్‌కు తోడిచ్చి, చేతికి ఉత్తరమిచ్చి పంపాడు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, ఉత్తరాన్ని అతను లెక్కే చేయలేదనీ, తమ మీద పడి ఊళ్లోంచి వెళ్లగొట్టాడనీ చెప్పారు. ఆ ముక్క పైవాడికి తెలియజేసి అలెగ్జాండ్రోస్ ఊరుకున్నాడు. వెనక రాజు మంత్రి ఉన్నా, ఊరిపొలిమేర దగ్గర ఆ అధికారం చెల్లలేదు. యెద్దూస్ కౌలుదారు కాదు, బాకీదారు. కానీ దూరాన ఉన్న యజమాని, మనుషుల చేతికి కబురు, దెబ్బలు తిని వెనక్కి రావడం అన్నీ ఇక్కడే ఉన్నాయి.

అదే దఫ్తరంలో ద్రాక్షతోట కూడా ఉంది. అపొల్లోనియస్‌కు గలిలయ ప్రాంతంలో బైతియనత అనే చోట తోట ఉండేది. క్రీ.పూ. 257లో గ్లౌకియస్ అనే ఉద్యోగి దాన్ని చూసొచ్చి మంత్రికి నివేదిక రాశాడు. తోట చూసుకునే మెలాస్ అక్కడ ఎనభై వేల తీగలున్నాయని చెప్పాడట. బావి తవ్వించాడు, ఉండడానికి వసతిగా ఇళ్లు కట్టించాడు. రుచి చూడమని వైను ఇస్తే, అది పేరుమోసిన కియోస్ ద్వీపపు సరుకో, ఊళ్లో తీసిందో గ్లౌకియస్ తేల్చుకోలేకపోయాడు. ఎనభై వేల తీగలు పెరిగే తోట యజమాని అలెగ్జాండ్రియాలో కూర్చుని, దాని బాగోగులు ఉత్తరాల్లో చదివి తెలుసుకునేవాడు. ఉపమానంలోని దూరదేశపు ఆసామి ఎలాంటివాడో చెప్పడానికి ఇంతకంటే మంచి చిత్తరువు దొరకదు.

ఇలాంటి ద్రాక్షతోట చిన్న రైతుకు అందేది కాదు. తీగలు నాటాక మూడేళ్లు పళ్లు తినకూడదనీ, నాలుగో ఏటి పంట దేవుడిదనీ, అయిదో ఏడు నుంచి తినవచ్చనీ లేవీయకాండం నియమం. అన్నేళ్లు రాబడి లేకుండా పెట్టుబడి పెట్టి, కంచె, బురుజు, తొట్టి కట్టించగలిగేవాడు ధనవంతుడే. కష్టం మాత్రం కౌలుదారుదే. తోట మీద హక్కు సంపాదించాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. భూమిని మూడేళ్లు ఎదురులేకుండా అనుభవిస్తే స్వాధీన హక్కు కోరవచ్చని యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. అయితే కౌలుదార్లకు ఆ వీలు లేదని అక్కడే స్పష్టం చేస్తుంది. కాబట్టి ఉపమానంలోని మనుషులు పట్టుకున్నది చట్టంలోని లొసుగును కాదు. అప్పగించిన దాన్ని తమదే అనుకున్నారు. గృహనిర్వాహకత్వం గురించి, అంటే అప్పగించినదాన్ని చూసుకునే బాధ్యత గురించి, ఈ ఉపమానం చెప్పేదంతా ఆ ఒక్క పొరపాటు చుట్టూ తిరుగుతుంది.

కంచె, బురుజు, తొట్టి యేసు కొత్తగా కల్పించినవి కావు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు యెషయా ప్రవక్త పాడిన తోట పాటలోంచి వచ్చాయి. ఆ పాటలో యజమాని స్వయంగా పాటుపడతాడు, తోట కారుద్రాక్షలు కాస్తుంది, కోపంతో అతను దాన్ని పాడుపెడతాడు. అక్కడ తప్పు తోటది, అంటే ప్రజలది. యేసు కథలో తోటకు ఏ దోషమూ లేదు, పంట బాగానే పండింది. మధ్యలో కౌలుదార్లు అనే కొత్త పాత్ర వచ్చింది, తప్పు పూర్తిగా వాళ్ల మీదికి మళ్లింది. తోట చెడదు, చేతులు మారుతుంది. ఉపమానంలో అన్నిటికంటే పదునైన మార్పు ఇదే. శతాబ్దాల తరబడి చాలామంది విస్మరించిందీ దీన్నే.

ఆ వేళ ఎదురుగా ఉన్నది ఎవరో సువార్తలు దాచలేదు. ప్రధాన యాజకులు, శాస్త్రులు, పెద్దలు. కథ తమ గురించేనని గ్రహించి వాళ్లు యేసును పట్టుకోవాలనుకున్నారు, కానీ జనానికి భయపడ్డారు. జనం అతని పక్షాన ఉన్నారన్నమాట. కథ చెప్పిన చోటు కూడా చాలా విషయం చెబుతుంది. హేరోదు కట్టించిన ఆ దేవాలయపు ద్వారం మీద బంగారు ద్రాక్షతీగ పాకి ఉండేది. దాని గుత్తులు మనిషెత్తు ఉండేవని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. భక్తులు ఒక ఆకో, పండో, గుత్తో బంగారంతో చేయించి తెచ్చి దానికి తగిలించేవారని మిష్నా చెబుతుంది. యెషయా పాటకు అరమేయిక్ అనువాదమైన తర్గూములో బురుజు దేవాలయమైంది, తొట్టి బలిపీఠమైంది. కుమ్రాన్ గుహల్లో దొరికిన ఒక చిన్న తునక కూడా ద్రాక్షతోటను, దేవాలయాన్ని కలిపే చెబుతుంది. అందుకే యాజకులకు ఉపమానం విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

కొడుకు తిరస్కారం సంగతి కథ చివర రాయి రూపంలో మళ్లీ వస్తుంది. ఇల్లు కట్టేవాళ్లు పనికిరాదని తోసేసిన రాయే మూలకు తలరాయి అయిందన్న 118వ కీర్తన మాటను యేసు గుర్తుచేశాడు. పస్కా పండుగకు పాడుకునే కీర్తనల్లో అది ఒకటి, ఆ వారం ఊరంతా నోట నానుతున్నదే. తర్వాత యేసు శిష్యుడు పేతురు న్యాయసభ ఎదుట నిలబడి ఇదే మాటను ఆ పెద్దలకే వినిపించాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది.

రెండో శతాబ్దం చివర క్రైస్తవ బిషప్ ఇరేనియస్ ఈ ఉపమానాన్ని వేరే వాదానికి వాడాడు. ప్రవక్తలను పంపినవాడూ, కుమారుణ్ణి పంపినవాడూ ఒకే యజమాని అని నిరూపించడానికి. అక్కడి నుంచి వెయ్యేళ్లకు పైగా వ్యాఖ్యాతల్లో చాలామంది ఒకే దారిలో నడిచారు. తోట ఇశ్రాయేలు, దాసులు ప్రవక్తలు, కౌలుదార్లు యూదులందరూ, వేరేవాళ్లు క్రైస్తవ సంఘం. ఆ మూడో సమీకరణం ఘోరమైన అన్యాయం. జనానికి జడిసిన కొద్దిమంది పెద్దల మీద చెప్పిన కథను ఆ జనం మీదికే తిప్పడం వల్ల, యూదులు చిందించిన కన్నీళ్లకూ రక్తానికీ ఒక ప్రసంగపీఠపు సాకు దొరికింది. ఆ పెద్దల చోట నిలబడి తామే అప్పగింత పనివాళ్లమని వణకాల్సిన బోధకులు, వేరేవాళ్ల చోట హాయిగా కూర్చున్నారు.

మత సంస్కరణ కాలంలో తోట మళ్లీ చేతులు మారింది. 1520 జూన్ 15న పోపు పదో లియో సంస్కర్త లూథర్‌ను హెచ్చరిస్తూ ఇచ్చిన ఆజ్ఞాపత్రంలో, అడవిపంది ద్రాక్షతోటను పాడు చేస్తోందని 80వ కీర్తన మాటల్లో దేవుడికి మొరపెట్టుకున్నాడు. విట్టెన్‌బర్గ్ పట్టణ చర్చిలో చిత్రకారుడు చిన్న క్రానాక్ గీసిన తోట చిత్రం దానికి ఎదురు జవాబు. కొండవాలున రెండు భాగాలైన తోట. ఒక వైపు పోపు మనుషులు తీగలు పీకి, బావిని రాళ్లతో పూడ్చేస్తుంటారు. రెండో వైపు లూథర్, అతని సహచరుడు మెలాంక్‌తన్ తదితరులు తవ్వుతూ, నీళ్లు తోడుతూ ఉంటారు. కౌలుదార్లంటే మతపెద్దలేనన్న పాత సంగతి అలా కొంతవరకు తిరిగొచ్చింది, కక్షతోనే అయినా.

పందొమ్మిదో శతాబ్దం చివర బైబిలు పండితుడు యూలిషర్ ఈ ఉపమానం యేసు చెప్పిందే కాదని, తొలి సంఘం అల్లిన రూపకమని తేల్చాడు. 1935లో సి.హెచ్. డాడ్ అడుగున నిజమైన పల్లె కథ ఉందన్నాడు. 1945లో నాగ్ హమ్మాదిలో తోమా సువార్త దొరికింది. అందులో ఇదే కథ యెషయా పాట ఊసు లేకుండా, ఇద్దరు దాసులు, ఒక కొడుకుతో క్లుప్తంగా ఉంది. 1968లో మార్టిన్ హెంగెల్ జెనో దఫ్తరాన్ని ఉపమానం పక్కన పెట్టి చదివాడు. 2006లో క్లోపెన్‌బోర్గ్ పపైరస్‌లలోని ద్రాక్షసాగు, కౌలు పత్రాలను పోగుచేసి పెద్ద గ్రంథమే రాశాడు. ఈలోగా 1965లో రెండో వాటికన్ సభ, యేసు మరణాన్ని నాటి యూదులందరి మీదా, నేటి యూదుల మీదా మోపరాదని ప్రకటించింది.

తోమా పాఠం కొడుకు హత్యతోనే ఆగిపోతుంది. యజమాని రాడు, తోట ఎవరికీ పోదు. ఇదే అసలు రూపమని కొందరు, మార్కు నుంచే కుదించిందని మరికొందరు ఇంకా వాదిస్తున్నారు. కానీ తోమాలోనూ ఆ వెంటనే వచ్చే మాట తోసేసిన రాయి గురించే.